కుడి పాదం కొలత

జూన్ పదకొండు, మంగళవారం. ఆ రోజు మధ్యాహ్నం మేస్త్రి తిన్నది రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక అరటిపండు. తారీఖూ తిండీ రెండూ అంత బాగా గుర్తుండిపోవడానికి కారణం ఉంది. రెండో గుడ్డు సగంలో ఉండగా పక్క బల్ల దగ్గర్నుంచి టైపమ్మ, "మేస్త్రిగారూ, కండక్టరమ్మకి కాలు ఇవ్వదట" అంది.

"ఎవరు ఇవ్వనిది?"

"ఇదిగో, ఈ మహాతల్లి." గడ్డంతో కంప్యూటర్‌ని చూపించింది.

ఆయన మిగిలిన గుడ్డు నోట్లో వేసుకుని, వేళ్లకున్న ప్లాస్టర్ పొడి తుడుచుకుంటూ లేచాడు. తెర మీద ఎర్రగీత కింద ఒకే వాక్యం ఉంది: రెండు పాదాలు ఉన్న వ్యక్తికి కృత్రిమ పాదం మంజూరు కాదు.

మేస్త్రి తల తిప్పి గోడకు వేలాడుతున్న సాకెట్ వైపు చూశాడు. పోయిన వారం తన చేత్తో తీసిన అచ్చు మీద పోసిన తొడుగు అది. కుడి మోకాలి కింద జానెడు కాలు మాత్రమే మిగిలిన మనిషిది.

పెద్దాసుపత్రి వెనక, బట్టలుతికే గదికీ మందుల గోడౌనుకీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి పనిశాల అది. ఒక గోడ నిండా సగం చేసిన కాళ్లు. మధ్యలో పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కమ్మీలు, వాటి చివర ఎక్కడికీ పోని మూడు చెక్కమెట్లు. మేస్త్రి ఇక్కడికొచ్చి ముప్పై ఒక్క ఏళ్లు. టైపమ్మ టైపిస్టుగా వచ్చింది. టైపు మిషను పోయింది గానీ పేరు పోలేదు.

కాళ్ల పనిలో వీళ్లకో పద్ధతి ఉంది. పోయిన పాదానికి కొలత ఉండదు. అందుకని ఉన్న పాదాన్ని కొలిచి, అదే అంకెను కార్డులో పోయిన పాదం గడిలో ఎర్రసిరాతో వేస్తారు. నల్లసిరా అంటే ఉన్నది, ఎర్రసిరా అంటే చేయవలసింది. స్టోర్‌లో ఎర్ర అంకె చూసి ఆ సైజు పాదం, ఆ వైపుది, డబ్బాతో సహా తీసి ఇచ్చేవారు. ఆరు వారాల కిందట కార్డులు తీసేసి వెబ్‌సైట్ పెట్టారు. ఈ ఆరు వారాల్లోనూ పాత కాళ్ల మరమ్మతులే తప్ప కొత్త కాలు కావాలని వచ్చిన మొదటి మనిషి కండక్టరమ్మే. మేస్త్రి అలవాటు కొద్దీ రాసిన కార్డులో ఉన్నది ఉన్నట్టు టైపమ్మ ఎక్కించింది. ఎడమ ఇరవై నాలుగు సెంటీమీటర్లు, కుడి ఇరవై నాలుగు. రంగులు తెలియని యంత్రం రెండు పాదాలని లెక్కేసుకుంది.

"అయితే తప్పు మనదే," అన్నాడు మేస్త్రి. ఆయన గొంతులో ఊరట ఉంది. తన తప్పయితే తనే దిద్దుకోవచ్చు. "కుడి దగ్గర సున్నా పెట్టమ్మా."

పెట్టింది. కుడి పాదం కొలత సున్నా కంటే ఎక్కువ ఉండాలి, అన్నది తెర.

"పోనీ, వదిలెయ్. ఖాళీగా పంపు."

పంపింది. అన్ని గడులూ తప్పనిసరిగా నింపవలెను. దాని కిందే ఇంకో వాక్యం వచ్చి నిలబడింది: మూడు ప్రయత్నాలు విఫలమైనందున ఈ దరఖాస్తుకు తాళం వేయబడింది. సహాయ కేంద్రాన్ని సంప్రదించండి.

"దీనికి తాళం కూడానా," అంది టైపమ్మ. "బీరువా అయితే సుత్తితోనైనా కొట్టేవాళ్లం."

మేస్త్రి నవ్వలేదు. వచ్చే మంగళవారం, పద్దెనిమిదో తారీఖున, కండక్టరమ్మ బస్సు డిపోలో డాక్టరు ముందు నడిచి చూపించాలి. నడిస్తే ఆమె ఉద్యోగం ఆమెది. నడవకపోతే పేరు కొట్టేస్తారు. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచారు, ఇక పెంచేది లేదని కాగితం మీద రాసి ఇచ్చారు. సాకెట్ సిద్ధంగా ఉంది, దాని కింద బిగించే పైపు సిద్ధంగా ఉంది. పాదం స్టోర్ నుంచి రావాలి. స్టోర్ వాళ్లు కదలాలంటే వెబ్‌సైట్ ఇచ్చే మంజూరు నంబరు కావాలి.

బుధవారం పొద్దున్నే టైపమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది. మీ సమస్య మాకు చాలా ముఖ్యం అని ఒక రికార్డు గొంతు ఇరవై నిమిషాల్లో పద్నాలుగుసార్లు చెప్పింది. మేస్త్రి ఒక పిల్లవాడి కాలికి పట్టీ కుడుతూ లెక్కపెట్టాడు. ఆ తర్వాత మనిషి గొంతు వచ్చింది.

"కుడి పాదం కొలత ఎంతండీ?"

"కుడి పాదం లేదండీ," అంది టైపమ్మ.

"సరేనండీ. కొలత చెప్పండి."

"లేనిదానికి కొలతేమిటి నాయనా? లేదు కాబట్టే కదా అడుగుతున్నాం."

"అర్థమైందండీ. అయినా గడి నింపాలండీ."

"ఏమని నింపమంటావు?"

"సరైన కొలతతో అండీ."

ఈ మాట దగ్గర లైను తెగింది. మళ్లీ సంగీతం, మళ్లీ పద్నాలుగుసార్లు. రెండో గొంతు బ్రౌజర్ మార్చి చూడమంది. మూడోది కంప్యూటర్ ఆపేసి పది నిమిషాలాగి పెట్టమంది. దరఖాస్తు రద్దు చేసి కొత్తది వేస్తామంటే, తాళం వేసినదాన్ని రద్దు చేయడం కుదరదండీ అన్నారు. తాళం తీయమంటే, రద్దు చేస్తేనే తీస్తామండీ అన్నారు. ఎవరి గొంతులోనూ కోపం లేదు. గోడకు చెప్పుకున్నా గోడ ఇంత మర్యాదగా జవాబివ్వదు. మూడుసార్లూ లైను దాదాపు ఒకే చోట తెగడం టైపమ్మ గోడగడియారంలో చూసింది. "ఏడు నిమిషాలు. సరిగ్గా ఏడయ్యేసరికి మన టవరుకి ఏదో వస్తోంది."

సాయంత్రం ఫోన్‌కి సందేశం వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.

"ఎవరికి?" అంది టైపమ్మ, ఫోన్‌నే అడుగుతున్నట్టు.

గురువారం మేస్త్రి స్టోర్‌కి వెళ్లాడు. జాలీ కిటికీ వెనక కూర్చునే మనిషిని అందరూ డబ్బాలాయన అంటారు. ఆయన భుజం మీంచి చూస్తే మూడో అరలో కుడి, 24 అని రాసిన డబ్బాలు నాలుగు, వాటి పక్కనే ఎడమ, 24 అని రాసినవి ఐదు. మేస్త్రి చెయ్యి చాపితే కిటికీ అడ్డం గానీ, లేకపోతే అందేంత దూరం.

"నేను మీకు కొత్తా, మీరు నాకు కొత్తా?" అన్నాడు డబ్బాలాయన. "నా దగ్గర అట్టిపెట్టుకుని నేనేం చేసుకుంటాను మేస్త్రిగారూ, నావి రెండూ ఉన్నాయి. నంబరు కొట్టకుండా డబ్బా తీస్తే ఇది కూస్తుంది." పక్కనున్న చిన్న యంత్రాన్ని చూపించాడు. "పోయిన నెల్లో పక్క కిటికీ ఆయన ఒక మోకాలికి ఇట్లాగే దయ చూపించి ఇంటికి పోయాడు."

మేస్త్రి తల ఊపాడు. డబ్బాలాయన తన ఫ్యాను కిటికీ వైపు తిప్పాడు. "చెమటలు పట్టేశాయి మీకు. కాసేపు నిలబడి వెళ్లండి." మేస్త్రి ఆ గాలికి రెండు నిమిషాలు నిలబడి, నాలుగు డబ్బాలనూ చూసి వచ్చేశాడు.

శుక్రవారం తొమ్మిది ఫోన్లు. ఒక్కటీ ఏడు నిమిషాలు దాటలేదు.

శనివారం కండక్టరమ్మ వచ్చింది, కర్రల మీద. వెనకాల సంచీ పట్టుకుని ఆమె అత్త. ఈ ముసలావిడ నోరు పనిశాలలో అందరికీ తెలుసు. వచ్చిన ప్రతిసారీ గోడ మీది కాళ్లను ఒకసారి కలయజూసి, "ఏం తమ్ముడూ, ఈ వారం మాదేమైనా మొలిచిందా?" అంటుంది.

మేస్త్రి కండక్టరమ్మ కాలికి మేజోడు తొడిగి సాకెట్ ఎక్కించాడు. వేలు దూర్చి చూశాడు. పోయిన వారం ఒక మేజోడుతో బిగుతుగా కూర్చున్నది ఈ వారం కదులుతోంది. రెండో మేజోడు తొడిగాడు. అప్పటికి సరిపోయింది.

"కాలు తగ్గుతోందా బాబాయ్?" అంది కండక్టరమ్మ.

"తగ్గుతుందమ్మా. వాపు తీస్తున్నకొద్దీ సన్నబడుతుంది."

"ఇంకెన్ని రోజులు సరిపోతుంది ఇది నాకు?"

వారం, పది రోజులు. ఆ తర్వాత మళ్లీ అచ్చు, మళ్లీ మొదటి నుంచి. ఆయన ఆ మాట అనకుండా మేజోడు అంచు సరిచేస్తూ కూర్చున్నాడు. ఆమె అడగడం మానేసింది. పదకొండేళ్లుగా జనం మొహాలు చూసి ఎవరి దగ్గర టికెట్ లేదో కనిపెట్టిన మనిషి.

టైపమ్మ అప్పటికే ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. సంగీతం ఆగి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది, నీరసంగా. గొంతు వెనకాల పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"నమస్కారమండీ. మీ... ఒక్క నిమిషం లైన్లో ఉండండి. సారీ అండీ. మీ దరఖాస్తు సంఖ్య..."

"ఎన్నో నెల?" అని అడిగింది అత్త, బల్ల దగ్గరికి వంగి.

"ఏంటండీ?"

"బిడ్డకి ఎన్నో నెలమ్మా?"

"నాలుగండీ. ఇంట్లోంచి చేస్తున్నాను. మా ఆయన ఇప్పుడే బయటికి... దరఖాస్తు సంఖ్య చెప్పండి."

"సంఖ్య ఎక్కడికీ పోదులే. పాలు తాగాక తేన్పు వచ్చిందా?"

"లేదండీ. కాల్ వచ్చేసరికి పడుకోబెట్టేశాను."

"అదీ సంగతి. ఎత్తి భుజాన వేసుకో. పొట్ట నీ భుజానికి ఆనాలి. వీపు కొట్టకు, కింది నుంచి పైకి నిమురు. ఊరికే గట్టిగా కాదు. నీ చెవిలో ఆ ఫోను పెట్టుకున్నావు చూడు, దాని తీగ బిడ్డకి తగలనీకు."

టైపమ్మ గడియారం చూసింది. నాలుగు నిమిషాలు, ఐదు. మేస్త్రికి ఆ ముసలావిడ నోరు మూయిస్తే బాగుండుననీ అనిపించింది, మూయించకూడదనీ అనిపించింది. ఆరో నిమిషంలో స్పీకర్‌లోంచి చిన్న తేన్పు వినిపించింది. ఏడుపు ఆగిపోయింది.

"వచ్చిందండీ," అంది ఆ పిల్ల.

"వస్తుంది. మా వాడికీ అంతే. ఇప్పుడు మా కోడలి సంగతి చూడు తల్లీ. దానికి కుడికాలు లేదు. మీవాళ్లు కొలత చెప్పమంటారు."

టైపమ్మ గబగబా మిగతాది చెప్పింది. గడియారం ఏడు దాటింది. లైను తెగలేదు.

"ఏడు నిమిషాలు దాటితే మాకు మార్కులు తీసేస్తారండీ," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "అందుకే అందరూ పెట్టేస్తారు. నేను పెట్టెయ్యను లెండి. కుడి దగ్గర ఒకటి వేయండి."

"ఒకటా?"

"ఒక్క సెంటీమీటరు. సున్నా కంటే ఎక్కువ కదా, తీసుకుంటుంది. ఐదు కంటే తక్కువైతే పాదం లేనట్టే లెక్కేస్తుంది. మాకిచ్చిన కాగితంలో ఇది లేదండీ. మొన్న ఇంకెవరికో అనుకోకుండా పనిచేసింది. తాళం నేనిటునుంచి తీస్తున్నాను. నేను చెప్పానని అనకండి."

"నీ పేరు కూడా మాకు తెలియదు కదమ్మా," అన్నాడు మేస్త్రి. ఆ వారమంతా ఫోన్లో ఆయన మాట్లాడిన మాట అదొక్కటే.

టైపమ్మ ఎడమ ఇరవై నాలుగు, కుడి ఒకటి కొట్టింది. ఆఖరు పేజీలో చిన్న గడి, దాని పక్కన: పై కొలతలు నేను స్వయంగా తీసినవి, యథార్థమైనవి. మౌస్ మేస్త్రి వైపు జరిపింది. "ఇది మీరే నొక్కాలి."

మనిషి ఒంటి మీద టేపు పెట్టి, కంటికి ఆనినదే రాయడం తప్ప ఆయనకు ఇంకో విద్య తెలియదు. అర సెంటీమీటరు అనుమానం వస్తే మనిషిని మళ్లీ పిలిపించి కొలిచేవాడు. ఇప్పుడు లేని పాదానికి ఒక సెంటీమీటరు. కండక్టరమ్మ ఆయన వైపు చూడటం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన నొక్కాడు.

నంబరు వచ్చింది. పదకొండు అంకెలు. కండక్టరమ్మ దాన్ని అరచేతి మీద పెన్నుతో రాసుకుని, చాలదని ఒక కాగితం మీద, ఫోన్లో కూడా రాసుకుంది.

సోమవారం స్టోర్ తెరిచేసరికి మేస్త్రి కిటికీ దగ్గరున్నాడు. డబ్బాలాయన నంబరు కొట్టాడు. యంత్రం కూయకుండా స్లిప్ కక్కింది. ఆయన దాన్ని చదివి, కళ్లజోడు తీసి, మళ్లీ చదివి, కిటికీ కిందనుంచి జరిపాడు.

పాదం, ఒకటి. సైజు 24. ఎడమ.

ఎందుకో మేస్త్రికి వెంటనే అర్థమైంది. పోయిన వైపు పాదమే ఇవ్వాలని యంత్రానికి ఎవరూ చెప్పలేదు. ఇరవై నాలుగు ఏ గడిలో ఉందో ఆ వైపు పాదమే మంజూరు చేసింది.

"కుడి డబ్బా ఇవ్వకూడదా? ఇదిగో నంబరుంది కదా."

డబ్బాలాయన కుడి డబ్బా ఒకటి తీసి యంత్రం కింద పెట్టాడు. అది కూసింది. ఎడమది పెట్టాడు. ఊరుకుంది. "మార్పు కోరొచ్చు," అన్నాడు. "ఏడు పనిదినాలట, స్లిప్ వెనకాల ఉంది."

మేస్త్రి ఎడమ పాదం చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

మధ్యాహ్నం కండక్టరమ్మకి దాన్ని బల్ల మీద పెట్టి చూపించాడు. దాచడం ఆయన వల్ల కాదు. "ఇది ఎడమదమ్మా. నిలబడటానికి నిలబడుతుంది. కానీ బొటనవేలు వైపు ఉబ్బు బయటికొస్తుంది, మునివేళ్లు లోపలికి చూస్తాయి. నేను పక్కల ఆకురాయితో తీసి, చీలమండ దగ్గర కాస్త తిప్పి బిగించగలను. బూటు తొడిగితే పరాయివాళ్లకి తెలియదు. డాక్టరు బూటు విప్పమంటే తెలిసిపోతుంది."

ఆమె పాదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "పడిపోతానా బాబాయ్?"

"పడవు."

"అయితే బిగించండి. ఊగే బస్సులో నిలబడ్డదాన్ని, నిలబడ్డ నేల మీద ఏ కాలైతేనేం."

"రెండు ఎడమకాళ్ల కోడలు," అంది అత్త, కుర్చీ లాక్కుంటూ. "మా వీధిలో ఇంకెవరికీ లేదు."

మేస్త్రి పాదాన్ని బల్లకున్న ఇనుప పట్టులో బిగించి ఆకురాయి పట్టాడు. రబ్బరు నల్లటి నలుసులుగా రాలింది. నాలుగు రాకులకొకసారి బొటనవేలితో తడిమి, ఆమె ఎడమ బూటు పక్కన పెట్టి చూసుకుని, మళ్లీ రాకాడు. ఎక్కువ తీస్తే లోపలి చెక్క బయటపడుతుంది. తక్కువ తీస్తే బూటు పట్టదు. బయటి వైపు గుల్లగా ఉన్నచోట తోలు ముక్క అంటించాడు. ఆ తర్వాత బోల్టు వదులు చేసి, పాదాన్ని వెంట్రుకవాసి బయటికి తిప్పి, బిగించి, ఆమెను నిలబెట్టి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. విప్పాడు. మళ్లీ తిప్పాడు. ఐదోసారికి తల ఊపాడు.

కమ్మీల మధ్య ఆమె ఆ సాయంత్రం ముప్పైసార్లకు పైగా తిరిగింది. మొదట రెండు చేతులతో, తర్వాత ఒక చేత్తో, తర్వాత వేలికొసలు తగిలీ తగలకుండా. "కాళ్లు చూసుకోకు," అన్నాడు మేస్త్రి. "బస్సులో వెనక సీటు దాకా చూస్తావు కదా, అట్లా చూడు." మెట్లెక్కి దిగడం నేర్చుకునేసరికి ఆమె పైపెదవి మీద చెమట బొట్లు కట్టింది. బూటు విప్పమంటే ఏం చెప్పాలో అత్త రెండు మూడు అబద్ధాలు తయారుచేసి ఇచ్చింది. ఒకదానికన్నా ఒకటి అన్యాయంగా ఉన్నాయి.

మంగళవారం పొద్దుటి నుంచి పనిశాలలో ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరికీ రాలేదు. టైపమ్మ రెండుసార్లు టీ పెట్టి రెండుసార్లు తాగడం మరిచిపోయింది. సాయంత్రం ఐదున్నరకు ఆమె సంచీ సర్దుకుని వెళ్లిపోయాక, మేస్త్రి ఇంకా ఒక సాకెట్ అంచు నున్న చేస్తూ కూర్చున్నాడు. ఇంటికి తొందరగా పోవలసిన పని ఆయనకు లేదు.

ఆరు దాటాక గుమ్మంలో నీడ పడింది. కండక్టరమ్మ, యూనిఫాంలో. చేతిలో ఒక్క కర్ర. వెనక అత్త.

"పాసయ్యాను బాబాయ్," అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో పాసయిన సంతోషం లేదు.

"బూటు విప్పమన్నాడా?"

"అసలు తలెత్తి చూడలేదు. నంబరుందా అన్నాడు. చెప్పాను. కంప్యూటర్‌లో కొట్టి, కాలు మంజూరైనట్టు వస్తోంది, సరిపోయింది, ఫిట్ అన్నాడు. నడుస్తాను చూడండి సార్ అన్నాను. అక్కర్లేదమ్మా, దీంట్లో వచ్చేసింది, తర్వాతివాళ్లని పిలువు అన్నాడు." ఆమె తన అరచేతి వైపు చూసుకుంది. "కర్రల మీద పోయినా పాసయ్యేదాన్ని. నంబరు రాసుకున్న చెయ్యి చూపిస్తే సరిపోయేది."

అత్త ఏదో ఒకటి అంటుందని మేస్త్రి ఎదురుచూశాడు. ముసలావిడ సంచీ కింద పెట్టి, అందులోంచి ఏదో వెతుకుతున్నట్టు ఊరికే వంగి ఉండిపోయింది.

మేస్త్రి చేతిలోని సాకెట్ పక్కన పెట్టాడు. కమ్మీల అవతలి చివర తన ముక్కాలిపీట వేసుకుని, కాగితాలట్ట తీసి తొడ మీద పెట్టుకుని, కళ్లజోడు సవరించుకున్నాడు.

"రా అమ్మా," అన్నాడు. "గుమ్మం దగ్గర్నుంచి. కర్ర మీ అత్తగారికి ఇచ్చెయ్."

ఆమె అర్థంకానట్టు చూసింది. ఆయన కలం మూత తీసి కూర్చున్నాడు. ఆమె కర్ర ఇచ్చేసింది.

కమ్మీలు ముట్టుకోకుండా, వాటి పక్కనుంచి నడిచింది. మొదటి నాలుగడుగుల్లో భుజం కొద్దిగా వాలింది, ఐదో అడుగుకి నిలబడింది. మేస్త్రి ప్రతి అడుగూ చూశాడు, మడమ ఎక్కడ ఆనిందో, మోకాలు ఎప్పుడు మడిచిందో, ఇద్దరి మధ్యా ఇంకెవరూ లేనట్టు. "ఆగు. తిరుగు." తిరిగింది. "కుడికాలి మీద బరువు వెయ్యి. ఎడమది ఎత్తు." ఎత్తింది. ఆయన మనసులో పది దాకా లెక్కపెట్టి దించమన్నాడు. "మెట్లు."

మూడు మెట్లూ ఎక్కి పైన నిలబడింది. అక్కడినుంచి పోవడానికి దారి లేదు. చేతులు రెండూ వదిలేసి, కాళ్లు కొద్దిగా ఎడం చేసి, కుదుపు వస్తుందన్నట్టు నిలబడింది.

"ఎక్కడికమ్మా?" అంది కింద ఉన్న అత్తను చూసి, అప్పుడే గొంతులో పాత కరుకుదనం వచ్చి. "టికెట్ తీసుకున్నావా?"

"నా కోడలు కండక్టరు. నాకు టికెట్టేమిటి," అంది అత్త. ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది.

మేస్త్రి అట్ట మీద రాశాడు. పందొమ్మిది అడుగులు, ఆధారం లేదు. మెట్లు మూడు, ఎక్కడం దిగడం. ఒంటికాలి మీద పది. నడక బాగుంది. కింద సంతకం పెట్టి, తారీఖు వేసి, కాగితం చింపి ఆమెకిచ్చాడు.

"ఇది ఎక్కడా చెల్లదు తల్లీ," అన్నాడు.

ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని, నాలుగు మడతలు పెట్టి యూనిఫాం జేబులో వేసుకుని గుండీ పెట్టుకుంది. "రేపు ఆరున్నర బస్సు నాది," అంది. "మీ ఆసుపత్రి ముందునుంచే పోతుంది."

వాళ్లు వెళ్లాక ఆయన బల్ల కింద రాలిన రబ్బరు నలుసులు ఊడ్చి దీపాలార్పాడు. వసారా పొడుగునా వాళ్ల అడుగులు ఇంకా వినిపిస్తున్నాయి, ముసలావిడ చెప్పులు టపటపలాడుతూ, పక్కన బూట్లు, ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. మలుపు తిరిగేసరికి ఏది ఏదో తెలియలేదు. మేస్త్రి అక్కడే మరికాసేపు నిలబడి, గడియ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.